బెల్ బీకర్ సమాధులు: ముంత ఒకటే, మనుషులూ ఒకటేనా?

విభాగం: ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం

అనురాధ_బ్రిస్టల్

అందరికీ నమస్కారం. ఐరోపాలో క్రీ.పూ. 2750 నుంచి 1800 దాకా కనిపించే బెల్ బీకర్ సమాధుల గురించి చదువుతున్నాను. తిరగేసిన గంట ఆకారంలో, సన్నటి గోడలతో, చుట్టూ దువ్వెన పళ్ళతోనో తాడుతోనో అద్దిన పట్టీలతో ఉండే ఒక ఎర్రటి మట్టి ముంత. పోర్చుగల్ నుంచి హంగరీ దాకా, సిసిలీ నుంచి స్కాట్లాండ్ దాకా దొరుకుతుంది. దొరికింది ఎక్కువగా సమాధుల్లోనే, చనిపోయిన మనిషి తల దగ్గరో కాళ్ళ దగ్గరో.

నా సందేహం ఇది. పాత పుస్తకాలు "బీకర్ జనం" అనే ఒక జాతి వచ్చి ఐరోపా అంతా పరుచుకుందని చెబుతాయి. 1970ల తర్వాత వచ్చినవి అలాంటి జనమే లేరు, ఆ ముంత ఒక వాడుకగా చేతులు మారింది అంటాయి. 2018 తర్వాత వచ్చిన డీఎన్ఏ వ్యాసాలు మళ్ళీ వలస అంటున్నాయి. ఏది నమ్మాలి?

రెండో ప్రశ్న, నాకు ఇదే ముఖ్యం. అంతకుముందు బ్రిటన్‌లో పెద్ద రాతిగదుల్లో తరాల ఎముకలన్నీ కలిపి ఉంచేవాళ్ళు. వెస్ట్ కెన్నెట్ అనే సమాధి గుట్టలో ముప్పై మందికి పైగా ఉన్నారు. తర్వాత ఒక్కో మనిషికి ఒక్కో గొయ్యి, పక్కన సామాను. చావును చూసే పద్ధతి ఇంతలా ఎలా మారింది?

పాతరాయి

మంచి ప్రశ్న వేశారు అనురాధ గారూ. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను, ఈ విషయం మీద నాకు చాలా ఇష్టం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ ఊహ ఎక్కడ పుట్టిందో చెప్పుకోవాలి. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో సమాధి గుట్టలు తవ్వినవాళ్ళు పుర్రెలు కొలిచేవాళ్ళు. జాన్ థర్నమ్ అనే డాక్టరు పొడవాటి గుట్టల్లో పొడవు పుర్రెలు, గుండ్రటి గుట్టల్లో గుండ్రటి పుర్రెలు ఉన్నాయని తేల్చాడు. 20వ శతాబ్దం మొదట్లో లార్డ్ అబర్‌క్రాంబీ ఈ ముంతలన్నిటినీ ఒక వరసలో పెట్టాడు. ఆ తర్వాత గార్డన్ చైల్డ్ లాంటి పురావస్తు శాస్త్రవేత్తల రాతల్లో ముంత, పుర్రె, జాతి మూడూ ఒకటైపోయాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జాతి పేరుతో చరిత్ర రాయడం మీద అందరికీ విముఖత వచ్చింది. అందులో న్యాయం ఉంది. కుండ మారినంత మాత్రాన మనిషి మారినట్టు కాదు అన్నారు. మన ఊళ్ళలో ఇత్తడి బిందెలు పోయి స్టీలు బిందెలు వచ్చాయి, దానికోసం ఎవరూ వలస రాలేదు కదా.

అయితే సమాధి వేరు. వంటింట్లో ముంత మార్చడం తేలిక, చనిపోయినవాళ్ళను సాగనంపే తీరు మార్చడం తేలిక కాదు. అందుకే నేను ముంతను పక్కనబెట్టి, గొయ్యిలో మనిషిని ఎలా పడుకోబెట్టారో ముందు చూస్తాను.

మధ్య ఐరోపాలో, అంటే బొహీమియా, బవేరియా ప్రాంతాల్లో, బీకర్ సమాధులకు గట్టి నియమం ఉంది. మోకాళ్ళు ముడిచి పక్కకు తిప్పి పడుకోబెడతారు. మగవాళ్ళను ఎడమ పక్కకు, తల ఉత్తరానికి. ఆడవాళ్ళను కుడి పక్కకు, తల దక్షిణానికి. రెండు రకాలుగా పెట్టినా ముఖం తూర్పుకే ఉంటుంది. వీళ్ళకు కాస్త ముందు అదే నేల మీద ఉన్న కార్డెడ్ వేర్ (తాడు అద్దిన కుండల) వాళ్ళు కూడా మోకాళ్ళు ముడిచే పూడ్చేవాళ్ళు, ఆడా మగా తేడా కూడా పాటించేవాళ్ళు. కానీ వాళ్ళ మగవాళ్ళు కుడి పక్కకు, తల పడమటికి. ఆడవాళ్ళు ఎడమ పక్కకు, తల తూర్పుకి. ఇద్దరి ముఖమూ దక్షిణానికి.

గమనించారా? పద్ధతి నిర్మాణం అదే, దిక్కు మాత్రం తిప్పేశారు. కొన్ని చోట్ల ఈ రెండు పద్ధతులవాళ్ళూ కొంతకాలం ఇరుగుపొరుగున బతికారు. మేము వాళ్ళం కాదు అని గొయ్యి సాక్షిగా చెప్పుకున్నట్టు నాకు అనిపిస్తుంది.

జీనోమ్_రవి

పాతరాయి గారు బాగా చెప్పారు, కానీ వలస విషయంలో తటపటాయించాల్సిన పని ఇక లేదండీ. 2018లో ఇన్యీగో ఓలాల్దే, డేవిడ్ రైక్ బృందం నేచర్ పత్రికలో వేసిన వ్యాసం చూడండి. 400 మంది ప్రాచీన ఐరోపావాసుల జన్యుసమాచారం, అందులో 226 మంది బీకర్ సామానుతో పూడ్చినవాళ్ళు. బ్రిటన్‌లో ఫలితం స్పష్టం. బీకర్ వచ్చిన కొన్ని వందల ఏళ్ళలోనే అంతకుముందున్న రైతుల వారసత్వం దాదాపు 90 శాతం చెరిగిపోయింది. స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్ళు నిలబెట్టినవాళ్ళ రక్తం తర్వాతి తరాల్లో పదో వంతు మాత్రమే. కొత్తగా వచ్చినవాళ్ళకు బాగా దగ్గరగా ఉన్నది నెదర్లాండ్స్‌లోని ఊస్ట్‌వౌడ్ సమాధుల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళ పూర్వీకుల్లో ఒక భాగం నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న స్టెప్పీ గడ్డిమైదానాల పశుపాలకులు.

మగ వరస చూస్తే మార్పు ఇంకా గట్టిది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ శాఖల్లో, బీకర్ మగవాళ్ళకు ఆర్1బి అనేది ఎక్కువ. అంతకుముందు బ్రిటన్‌లో అది లేనే లేదు. దీన్ని వాడుకగా చేతులు మారిన ముంత అని ఎలా అంటాం?

పాతరాయి

రవి గారూ, బ్రిటన్ వరకు మీతో నాకు పేచీ లేదు. జనం వచ్చారు, తిరుగులేదు. కానీ అదే వ్యాసంలో రెండో సగం ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. స్పెయిన్, పోర్చుగల్‌లో బీకర్ సామానుతో పూడ్చినవాళ్ళలో ఎక్కువమంది అక్కడి పాత రైతుల వారసులే. మధ్య ఐరోపా బీకర్ వాళ్ళతో వాళ్ళకు జన్యుపరంగా చుట్టరికం చాలా తక్కువ. ఈ ముంతకు అందరికన్నా పాత కార్బన్ తేదీలు పోర్చుగల్ వైపే, టేగస్ నది ముఖద్వారం దగ్గర ఉన్నాయి. అంటే ముంత ఒక జనం నుంచి ఇంకో జనానికి చేతులు మారింది; ఆ రెండో జనం దాన్ని పట్టుకుని బ్రిటన్ వెళ్ళారు. మీరు చెప్పే రెండు కథలూ నిజమే, చోటు వేరు.

సమాధులు కూడా అదే చెబుతాయి. మాడ్రిడ్ దగ్గర సియెంపొసువెలోస్ ముంతలు చాలా అందమైనవి. గీతల్లో తెల్లటి పిండి లాంటి పూత నింపుతారు. కానీ ఐబీరియాలో, అంటే స్పెయిన్, పోర్చుగల్‌లో, చాలాచోట్ల ఈ ముంతలను పాత రాతిగదుల్లోకే తీసుకెళ్ళి, వందల ఏళ్ళ నాటి ఎముకల మధ్య కొత్త శవంతో పాటు పెట్టారు. ఒంటరి గొయ్యి అక్కడ తప్పనిసరి కాదు. హంగరీలో, ఇప్పటి బుడాపెస్ట్ దగ్గర డాన్యూబ్ ఒడ్డున, చెపెల్ గుంపు వాళ్ళు చాలామందిని కాల్చి బూడిద పూడ్చారు. బెకాష్‌మెద్యెర్ శ్మశానంలో దహనమే ఎక్కువ. పక్కన మాత్రం అదే గంట ముంత.

స్విట్జర్లాండ్‌లో సియోన్ దగ్గర పెటి షాసర్ అనే చోటు ఉంది, అది నన్ను వదిలిపెట్టదు. అక్కడ పాతవాళ్ళు మనిషి ఆకారంలో చెక్కిన నిలువురాళ్ళు నిలబెట్టుకున్నారు. బట్టల అల్లికలు, బాకులు కూడా చెక్కారు. బీకర్ కాలంలో ఆ రాళ్ళను పడగొట్టి, విరిచి, ఆ పలకలతోనే తమ సమాధుల గోడలు కట్టుకున్నారు. అది అవమానమా, పాతవాళ్ళ బలాన్ని తమలో కలుపుకోవడమా అన్నది మీరే ఆలోచించండి. నాకైతే కలుపుకోవడంలాగే కనిపిస్తుంది. అవమానించాలనుకుంటే తమవాళ్ళను ఆ రాళ్ళ మధ్యే ఎందుకు పూడుస్తారు?

జీనోమ్_రవి

ఐబీరియా సంగతి అక్కడితో ఆగలేదు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం క్రీ.పూ. 2000 నాటికి అక్కడ కూడా 40 శాతం వారసత్వం మారింది. మగ వరస దాదాపు పూర్తిగా మారిపోయింది. ఆలస్యంగా వచ్చారు, అంతే.

పాతరాయి

ఒప్పుకుంటాను. కానీ ఆ మార్పుకు ముంతే గుర్తు అనలేం కదా. ముంత అక్కడ ముందే ఉంది, మనుషులు తర్వాత వచ్చారు. నేను అంటున్నది అదే.

గోదారి_శ్రీను

చదువుతున్నాను సార్, ఆపకండి. చిన్న సందేహం. ఆ ముంతలో ఏం పోసేవాళ్ళు? కల్లు లాంటిదేనా?

మాధవి_ఎస్

శ్రీను గారూ, స్కాట్లాండ్‌లో ఫైఫ్ ప్రాంతంలో యాష్‌గ్రోవ్ అనే చోట రాతి పలకల సమాధి తవ్వినప్పుడు ముంతలో ఉన్నదాన్ని పరీక్షించారు. లైమ్ చెట్టు (నిమ్మ కాదు, లిండెన్ అనే చెట్టు) పుప్పొడి, మెడోస్వీట్ అనే తెల్లపూల మొక్క పుప్పొడి విపరీతంగా దొరికాయి. తేనెతో పులియబెట్టిన సారాయి అయి ఉంటుందని 1978లో జేమ్స్ డిక్సన్ రాశాడు. అప్పటినుంచి ఆ మాట పుస్తకాల్లో స్థిరపడిపోయింది.

కానీ మెడోస్వీట్ పువ్వులు వాసనకోసం శవం పక్కన కూడా పెట్టేవాళ్ళు. పెర్త్ దగ్గర ఫోర్టెవియట్‌లో కంచుయుగం సమాధిలో ఆ పువ్వుల గుత్తులే దొరికాయి. అందుకని పుప్పొడి చూడగానే మద్యం అనలేం. సాయంత్రాలు కూర్చుని తాగడానికి చేసిన ముంతలు కొన్నే ఉండొచ్చు. సరిగ్గా కాల్చని, హడావుడిగా చేసినవి కూడా సమాధుల్లో ఉన్నాయి. అవి ఆ అంత్యక్రియకోసమే చేసినట్టున్నాయి.

తిండి విషయంలో ఇంకా పెద్ద సాక్ష్యం ఇంగ్లండ్ నార్తాంప్టన్‌షైర్‌లోని ఇర్త్‌లింగ్‌బరో గుట్ట. ఒక మగమనిషి సమాధి మీద రాళ్ళు పేర్చి, వాటి మీద కనీసం 185 పశువుల పుర్రెలు గుట్టగా పోశారు. మిగతా ఎముకలు కొద్దిగానే ఉన్నాయి. ఒక్కరోజు విందులో అన్నిటినీ కోసి ఉంటే మిగతా ఎముకలూ అక్కడే ఉండాలి. ఊరూరా మొక్కుకున్నట్టు, ఒక్కో ఇంటివాళ్ళు తమ పశువు పుర్రె తెచ్చి పెట్టారని అనుకుంటే ఆ లెక్క సరిపోతుంది. ఆ మనిషి కోసం ఎంత దూరం నుంచి ఎంతమంది వచ్చి ఉంటారో!

అనురాధ_బ్రిస్టల్

మాధవి గారూ, చాలా థాంక్స్. ఏమ్స్‌బరీ ఆర్చర్ (ఏమ్స్‌బరీ విలుకాడు) అని పేరుపడ్డ బీకర్ సమాధి మనిషి గురించి కూడా మీరు చెప్పండి. సాల్స్‌బరీ మ్యూజియంలో ఆయన ఎముకలు ఉన్నాయి. ఆయన ఆల్ప్స్ నుంచి వచ్చాడని రాశారు. అది ఎలా తేలుస్తారు?

మాధవి_ఎస్

పళ్ళతో. పంటి ఎనామిల్ చిన్నప్పుడే తయారవుతుంది, తర్వాత మారదు. పిల్లవాడు తాగిన నీళ్ళలోని ఆక్సిజన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) అందులో నిలిచిపోతాయి. చల్లటి, ఎత్తైన, సముద్రానికి దూరంగా ఉన్న చోట్ల నీళ్ళకు వేరే పాళ్ళు ఉంటాయి. ఇలాగే స్ట్రాన్షియం అనే మూలకం ఆ నేలలోని రాతిని చూపిస్తుంది. ఆర్చర్ పళ్ళు దక్షిణ ఇంగ్లండ్‌కు కుదరలేదు, ఆల్ప్స్ ప్రాంతానికి కుదిరాయి.

ఆయన సమాధి 2002 మే నెలలో బయటపడింది. స్టోన్‌హెంజ్‌కు 5 కిలోమీటర్ల దూరం. ఇళ్ళు, బడి కట్టడానికి ముందు తవ్వుతుంటే వెసెక్స్ ఆర్కియాలజీ వాళ్ళకు దొరికింది. 35 నుంచి 45 ఏళ్ళ మనిషి. క్రీ.పూ. 2300కు అటూ ఇటూ. అయిదు బీకర్లు, మూడు రాగి కత్తులు, 16 చెకుముకి బాణం మొనలు, నాలుగు అడవిపంది కోరలు, జుట్టుకు పెట్టుకునే రెండు బంగారు నగలు. ఆ బంగారం బ్రిటన్‌లో దొరికిన అతి పాత బంగారాల్లో ఒకటి. మణికట్టుకు కట్టుకునే రాతి పలకలు రెండు, ఒకటి నల్లది చేతి దగ్గర, ఒకటి ఎర్రది మోకాళ్ళ దగ్గర. అన్నీ కలిపి దాదాపు వంద వస్తువులు. మామూలు బీకర్ సమాధిలో ఒక ముంత, ఒకటి రెండు వస్తువులు ఉంటే గొప్ప.

నాకు ఆ సామానులో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది బంగారం కాదు, ఒక నల్లటి నున్నని రాయి. అది లోహం సాగగొట్టే దాగలి. అంటే ఆయన లోహం పని చేసేవాడని గౌరవించి ఉంటారు. రాగి, బంగారం పని అప్పుడు బ్రిటన్‌లో ఇంకా కొత్త విద్య. ఐర్లండ్‌లో కెర్రీ ప్రాంతంలో రాస్ ఐలండ్ రాగి గని క్రీ.పూ. 2400 ప్రాంతంలో మొదలైంది, అక్కడ పనివాళ్ళ గుడిసెల దగ్గర బీకర్ పెంకులే దొరికాయి.

ఇంకొకటి. ఆయన ఎడమ మోకాలి చిప్ప లేదు. చాలా ఏళ్ళ ముందే పోయింది, ఎముకలో చీము పట్టిన గుర్తులు ఉన్నాయి. కుంటుతూ నడిచేవాడు. రోజూ నొప్పితో బతికి ఉండాలి. ఆ మనిషిని పక్కన పెట్టలేదు, తమ దగ్గరున్న గొప్ప సామానంతా ఆయనకు ఇచ్చి పంపారు. ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి దగ్గర నా మనసు ఆగుతుంది.

పాతరాయి

మాధవి గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఆ మణికట్టు పలకలు విల్లు నారి దెబ్బ తగలకుండా కట్టుకునేవని అనుకుంటాం. కానీ చాలా పలకలు వాడుకకు పనికొచ్చేలా లేవు. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని బార్నాక్ సమాధిలో దొరికిన పలకకు 18 బంగారు మేకు తలలు ఉన్నాయి. అది యుద్ధంలో కట్టుకునేది కాదు, నలుగురిలో చూపించుకునేది. కాబట్టి బీకర్ సమాధిలోని విలుకాడు నిజంగా విలుకాడే అయి ఉండాలని లేదు. మగవాడంటే ఇలా ఉండాలి అనే ఒక రూపం అప్పట్లో ఉంది, చనిపోయాక ఆ రూపం కట్టారు.

అనురాధ గారి రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. పాత రాతిగదుల్లో ఎముకలు కలిసిపోతాయి, ఎవరు ఎవరో అక్కర్లేదు, పూర్వీకులంతా ఒకటి. కొత్త గోతిలో మనిషికి లింగం, హోదా, వృత్తి అన్నీ కట్టిపెడతారు.

జీనోమ్_రవి

"ఎవరు ఎవరో అక్కర్లేదు" అన్నది ఒప్పుకోను సార్. గ్లాస్టర్‌షైర్‌లోని హేజల్టన్ నార్త్ గుట్ట మీద 2021లో నేచర్‌లో వచ్చిన పని చూడండి. క్రీ.పూ. 3700 నాటిది. 35 మందిలో 27 మంది ఒకే కుటుంబం, అయిదు తరాలు. ఒక మగమనిషి, ఆయనకు పిల్లల్ని కన్న నలుగురు స్త్రీలు వాళ్ళకు మూలం. ఏ తల్లి సంతానం ఏ వైపు గదిలో ఉండాలో కూడా పాటించారు. రాతిగదిలో కూడా ఎవరెవరో వాళ్ళకు బాగా తెలుసు.

పాతరాయి

మంచి పాయింటు. అయితే ఇలా అంటాను: అక్కడ మనిషి విలువ ఏ తల్లి కొమ్మ అన్నదాంట్లో ఉంది, ఆ విలువ చూపడానికి గది చాలు. బీకర్ సమాధిలో మనిషి ఒళ్ళే, దాని పక్కన సామానే ఆ మాట చెప్పాలి.

అనురాధ గారు రాతిగదుల నుంచి నేరుగా ఒంటరి గోతికి వచ్చారు కానీ బ్రిటన్‌లో మధ్యలో ఇంకో దశ ఉంది. క్రీ.పూ. 3000 తర్వాత అక్కడ చాలామందిని కాల్చేవాళ్ళు. స్టోన్‌హెంజ్ మొదట్లో ఒక శ్మశానమే, అక్కడ వలయంగా ఉన్న ఆబ్రీ గుంతల్లో కాలిన ఎముకలు దొరికాయి. కాలిన ఎముకలో డీఎన్ఏ నిలవదు. థామస్ బూత్ బృందం 2021లో ఇదే ఎత్తి చూపింది. పాతవాళ్ళు తమవాళ్ళను కాలుస్తూ కొంతకాలం బతికి ఉంటే, వాళ్ళు మన లెక్కలోకి రారు. పూడ్చినవాళ్ళే కనిపిస్తారు. మార్పు జరగలేదని నేను అనడం లేదు. అది ఒక్కసారిగా కాక తరాల పాటు మెల్లగా జరిగిందని ఆ బృందం వాదన, నాకు అది నమ్మబుద్ధి అవుతుంది.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులు చూడండి. లింక్స్ ఆఫ్ నోల్ట్‌ల్యాండ్ అనే చోటు మీద 2022లో వచ్చిన పనిలో కంచుయుగంలో కూడా మగ వరస పాత స్థానికులదే, వలస వచ్చింది ఎక్కువగా ఆడవాళ్ళు. మిగతా బ్రిటన్‌కు పూర్తిగా ఎదురు!

జీనోమ్_రవి

ఆర్క్నీ నిజంగా ఆశ్చర్యమే. బూత్ వాదనలో బలం ఉంది. కానీ తర్వాతి తరాల డీఎన్ఏలో కూడా పాతవాళ్ళ వాటా పెద్దగా పెరగలేదు. కాలుస్తూ బతికినవాళ్ళు ఎక్కువమంది ఉండి ఉంటే కలిసిపోయాక అది కనిపించాలి కదా. నా ఉద్దేశంలో ఆనాటికి స్థానికులు సంఖ్యలో తగ్గిపోయి ఉన్నారు.

గోదారి_శ్రీను

చంపేశారా మరి? లేకపోతే ఏదైనా రోగమా?

జీనోమ్_రవి

ప్లేగు అని చాలామంది రాస్తారు శ్రీను గారూ. బ్రిటన్‌లో ప్లేగు క్రిమి డీఎన్ఏ దొరికింది నిజమే, 2023లో ప్రకటించారు. సోమర్‌సెట్‌లో చార్టర్‌హౌస్ వారెన్, కంబ్రియాలో లెవెన్స్, ఈ రెండు చోట్ల. కానీ అవి ఇప్పటికి 4,000 ఏళ్ళ కిందటివి. బీకర్ జనం వచ్చి అప్పటికే కొన్ని వందల ఏళ్ళయింది. కాబట్టి స్థానికులు తగ్గడానికి అది రుజువు కాదు.

హింసకు అయితే భయంకరమైన సాక్ష్యం అదే చార్టర్‌హౌస్ వారెన్‌లో ఉంది. కనీసం 37 మందిని, పిల్లలతో సహా, చంపి ముక్కలు చేసి 15 మీటర్ల లోతు బిలంలో పారేశారు. 2024 డిసెంబరులో రిక్ షుల్టింగ్ బృందం వివరాలు ప్రచురించింది. అదీ వలస కాలంలో జరిగింది కాదు, క్రీ.పూ. 2210–2010 మధ్య. పాతవాళ్ళకూ కొత్తవాళ్ళకూ యుద్ధం అని చెప్పలేం.

మాధవి_ఎస్

అంత్యక్రియ చేయకపోవడం కూడా ఒక పద్ధతే అని ఆ చోటు చూస్తే తెలుస్తుంది. ఆ రోజుల్లో ఒక్కో మనిషికి ఒక్కో గొయ్యి తవ్వి, పక్కకు తిప్పి, ముంత పెట్టి సాగనంపుతున్నారు. వీళ్ళకు అవేవీ లేకుండా చేశారు. చంపినవాళ్ళకు ఆ మర్యాదంటే ఏమిటో తెలుసు, తెలిసే ఇవ్వలేదు.

యాదగిరి_నల్లగొండ

నమస్తే అన్నలు, అక్కలు. మా దిక్కు గుట్టల పొంటి రాక్షసగుళ్ళు ఉంటయి. బండలు చుట్టూ గుండ్రంగ పెట్టి నడుమ సమాధి. వీటికి ఆ ఐరోపా సమాధులకు సంబంధం ఉన్నదా? చిన్నప్పటి సంది ఈ అనుమానం ఉన్నది.

పాతరాయి

యాదగిరి గారూ, నేరు సంబంధం లేదు. మన దక్కన్ పెద్దరాతి సమాధులు ఇనుపయుగానివి. క్రీ.పూ. 1200 ప్రాంతం నుంచి తర్వాతవి. ఇనుప కత్తులు, నలుపు ఎరుపు కుండలు ఉంటాయి. బీకర్ కాలం ముగిశాక దాదాపు ఆరు వందల ఏళ్ళకు గానీ ఇవి మొదలవలేదు.

కానీ మీకు వచ్చిన అనుమానం చాలా పాతది. 1850ల్లో నిజాం కొలువులో ఉండి షోరాపూర్ పాలన చూసిన మెడోస్ టేలర్ అనే ఆంగ్లేయ అధికారి అక్కడి సమాధులు తవ్వించి, పొరలు పొరలుగా బొమ్మలు గీయించాడు. రాతి వలయాలు, పలకల గదులు చూసి ఇవి బ్రిటన్ సమాధుల్లాగే ఉన్నాయి, ఒకే జనం కట్టి ఉంటారు అనుకున్నాడు. పోలిక నుంచి నేరుగా జాతికి దూకేశాడు. పైన మనం మాట్లాడుకున్న ముంత కథలో జరిగింది కూడా ఇదే. అయినా ఆయన గీసిన పొరల బొమ్మలు ఆ రోజులకు చాలా ముందున్న పని, దానికి దండం పెట్టాలి. మీ గుట్టల పొంటి ఉన్నవాటి ఫొటోలు తీసి, చోటు రాసి పెట్టండి. క్వారీలకు పోతున్నాయి.

కొత్తసభ్యుడు_88

అయితే ఆర్యులు అక్కణ్ణుంచే ఇక్కడికి వచ్చారన్నమాట. అసలు విషయం అది చెప్పకుండా

మోడరేటర్

పై టపా సగం తీసేశాను. ఆ విషయానికి వేరే చర్చా దారం ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ ఐరోపా సమాధుల గురించే మాట్లాడుకుందాం.

అనురాధ_బ్రిస్టల్

మోడరేటర్ గారికి ధన్యవాదాలు. అందరూ మగవాళ్ళ గురించే చెప్పారు. ఆడవాళ్ళు, పిల్లల సమాధులు ఎలా ఉంటాయి?

మాధవి_ఎస్

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను అనురాధ గారూ.

మొదట స్కాట్లాండ్ ఉత్తరాన కేత్‌నెస్‌లోని ఆకవానిక్. 1987లో రోడ్డు పనుల్లో దొరికిన సమాధి. 18 నుంచి 25 ఏళ్ళ అమ్మాయి, ఇప్పటికి 4,200 ఏళ్ళ పైమాట. మామూలుగా మట్టిలో తవ్వుతారు, ఆమె కోసం రాతి నేలను తొలిచారు. పక్కన బీకర్, ఆవు భుజం ఎముక. మాయా హూల్ అనే పురావస్తు పరిశోధకురాలు ఎవరూ పట్టించుకోని ఆ సామానును మళ్ళీ పరిశీలించింది. డీఎన్ఏ పరీక్షలో నల్లటి జుట్టు, గోధుమరంగు కళ్ళు, పెద్దయ్యాక పాలు అరగని ఒళ్ళు అని తేలింది. మొదట వేసిన ముఖచిత్రంలో ఎర్ర జుట్టు, నీలి కళ్ళు పెట్టారు. 2018లో మార్చారు.

ఇక ఆడవాళ్ళ ప్రయాణాలు. దక్షిణ జర్మనీలో ఆగ్స్‌బర్గ్ దగ్గర లెక్ నది లోయలో బీకర్ కాలం నుంచి కంచుయుగం దాకా సమాధులను వరసగా పరీక్షించారు. 2017లో, 2019లో రెండు పెద్ద వ్యాసాలు వచ్చాయి. మగవాళ్ళు తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. ఆడవాళ్ళలో చాలామంది చిన్నతనం వేరే చోట గడిపి వచ్చినవాళ్ళు. కొందరు మంచి నగలతో, పూర్తి మర్యాదతో పూడ్చబడ్డారు, కానీ ఆ శ్మశానంలో వాళ్ళ పిల్లలు అనదగ్గవాళ్ళు లేరు. అదే ఇంటి పెరట్లో ఏ సామానూ లేకుండా, ఆ కుటుంబంతో చుట్టరికం లేకుండా ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. పనివాళ్ళో బానిసలో అయి ఉంటారు. ఒకే పెరట్లో హోదా తేడా అప్పటికే ఉంది.

నన్ను బాగా కదిలించినవి జంట సమాధులు. ఇంగ్లండ్‌లో డన్‌స్టేబుల్ డౌన్స్ మీద 1887లో వర్తింగ్టన్ స్మిత్ ఒక స్త్రీ, ఒక పాప కలిసి ఉన్న సమాధి తవ్వాడు. చుట్టూ సముద్రపు అర్చిన్ శిలాజాలు వందల కొద్దీ పేర్చి ఉన్నాయి. లక్సెంబర్గ్‌లో ఆల్ట్‌వీస్ దగ్గర కూడా ఇలాగే స్త్రీ, ఒక చిన్నపిల్లవాడు, ముఖాలు ఎదురెదురుగా. రెండు చోట్లా తల్లీపిల్లలే అని అందరూ అనుకున్నారు. 2024లో డీఎన్ఏ చూస్తే ఆల్ట్‌వీస్‌లో తల్లీ కొడుకే. డన్‌స్టేబుల్‌లో మాత్రం ఆ స్త్రీ పాపకు మేనత్త. తండ్రి తోబుట్టువు. తల్లి లేని పిల్లకు మేనత్తను తోడు పెట్టి పంపారా, పెంచింది ఆమేనా? పూడ్చినవాళ్ళకు ఆ బంధం తల్లి బంధంతో సమానం అని మాత్రం ఆ పడుకోబెట్టిన తీరులో ఉంది.

గోదారి_శ్రీను

మేనత్త అనగానే మనసుకు తగిలింది మేడమ్. మన ఇళ్ళలో కూడా పిల్లలకు మేనత్త అంటే ఎంతో.

జీనోమ్_రవి

మాధవి గారూ, డన్‌స్టేబుల్ వివరం నాకు కొత్త. డీఎన్ఏ అంటే ఎంతసేపూ శాతాలు, వలసలు అని నేను చూస్తాను. ఇలాంటి ఒక్క సమాధికి వాడితే ఇంకా ఎక్కువ చెబుతుంది. పాతరాయి గారూ, ఒక ప్రశ్న. మధ్య ఐరోపాలో ముఖం తూర్పుకు అన్నారు. బ్రిటన్‌కు వచ్చినవాళ్ళు అదే నియమం పాటించారా?

పాతరాయి

పూర్తిగా కాదు, అందుకే ఇది నాకిష్టమైన భాగం. ఆడా మగా తేడా తెచ్చుకున్నారు, దిక్కు మార్చుకున్నారు. యార్క్‌షైర్‌లో, స్కాట్లాండ్ ఈశాన్యంలోని అబర్డీన్‌షైర్‌లో మగవాళ్ళు ఎడమ పక్కకే, కానీ తల తూర్పుకి. ఆడవాళ్ళు కుడి పక్కకే, తల పడమటికి. ముఖం ఇద్దరికీ దక్షిణానికి. వెసెక్స్ వైపు, అంటే స్టోన్‌హెంజ్ చుట్టుపక్కల, తల ఉత్తరానికి పెట్టడం ఎక్కువ. అంటే ఒకే దీవిలో రెండు మూడు ఆచారాలు. వేర్వేరు తోవల్లో వేర్వేరు గుంపులు వచ్చి ఉండొచ్చు. స్కాట్లాండ్ సమాధులకు నెదర్లాండ్స్ పోలికలు ఎక్కువ.

ఏమ్స్‌బరీకి దగ్గర్లోనే 2003లో బాస్కూం విలుకాళ్ళ సమాధి దొరికింది. అందులో కనీసం ఏడుగురు ఉన్నారు, పెద్దలు, ఒక టీనేజి కుర్రాడు, పిల్లలు. ఎనిమిది బీకర్లు. ఎముకలు కొన్ని కలిసిపోయి ఉన్నాయి, అంటే ఆ గొయ్యి మళ్ళీ మళ్ళీ తెరిచారు. ఒక్కరికి ఒక్క గొయ్యి అనే నియమం ఇంగ్లండ్‌లో తొలి బీకర్ తరాల్లోనే ఇలా సడలింది. అందుకే బీకర్ ఆచారం అని ఏకవచనంలో రాస్తే నేను విద్యార్థుల పేపర్లో మార్కులు తీసేస్తాను.

అనురాధ_బ్రిస్టల్

బాస్కూం సంగతి చెప్పి మంచి పని చేశారు. ఒంటరి గొయ్యి అంటే ఒక్కసారిగా మారిన మనస్తత్వం అనుకున్నాను, ఇప్పుడు అలా అనిపించడం లేదు. సెలవుల్లో ఇవి చూడాలంటే ఎక్కడెక్కడికి వెళ్ళాలో చెబుతారా? పిల్లల్ని కూడా తీసుకెళ్ళాలని ఉంది.

మాధవి_ఎస్

ముందు సాల్స్‌బరీ మ్యూజియం, ఆర్చర్ అక్కడే. అక్కణ్ణుంచి డివైజెస్‌లో విల్ట్‌షైర్ మ్యూజియం, కంచుయుగం గుట్టల బంగారం ఉంది. పిల్లలకు వెస్ట్ కెన్నెట్ చాలా నచ్చుతుంది, పొలాల మధ్య నడిచి వెళ్ళాలి, టికెట్ లేదు, లోపలి గదుల్లోకి వెళ్ళవచ్చు, టార్చి పట్టుకెళ్ళండి. బీకర్ కాలంలో ఆ గుమ్మానికి అడ్డంగా పెద్ద రాళ్ళు పెట్టి మూసేశారు, అవి ఇప్పటికీ ముందు నిలబడి ఉన్నాయి. లోపల పూడ్చిన మట్టిలో బీకర్ పెంకులు కూడా దొరికాయి. వానాకాలంలో దారి బురద, మంచి బూట్లు వేసుకోండి.